హనుమకొండలో ఒక ఇంటి ఫొటోలకు ఏడు నెలలు పట్టింది: నా అనుభవం

పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీసే నాకు 2023 అక్టోబరు చివర్లో హైదరాబాద్ నుంచి ఒక ఆర్కిటెక్ట్ మేడం ఫోన్ చేశారు. హసన్‌పర్తి దారిలో తాను డిజైన్ చేసిన ఒక ఇల్లు పూర్తయిందట, ఫొటోలు కావాలట. వరంగల్ కోటలో నేను తీసిన కొన్ని ఫొటోలు ఎవరో చూపించారట. ఆఖరి ఫొటో ఆమె చేతికి అందేసరికి 2024 మే నెల గడిచిపోతోంది. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు పెళ్ళి ఫొటోగ్రఫీ చేస్తూ భవనాల వైపు రావాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేడం అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని ఫొటోలిస్తారు?" పెళ్ళికైతే వేలల్లో ఇస్తాం. ఇక్కడ ఆమెకు కావాల్సింది ఇరవై. ఆ సంఖ్య విని పని చిన్నదనుకోవద్దు. ఒక్కో ఫొటోకు గంట, గంటన్నర పట్టింది, కొన్నింటికి పూటంతా. ఇంటాయన కూడా తర్వాత ఇదే అడిగాడు: "రెండు దినాలు తీస్తే ఇరవై ఫొటోలేనా అన్నా?" డిసెంబరు పనికి 35 వేలు మాట్లాడుకున్నాం, సగం అడ్వాన్సు. ఎండాకాలంలో విడిగా తీయాల్సిన ఫొటోలకు ఇంకో 12 వేలు. ఆ ఎండాకాలం సంగతి ముందే ఎందుకు వచ్చిందో చెప్తాను.

దీపావళి అయిన వారంలో ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళే ముందు ప్లాన్ కాగితాలు పంపమన్నాను. ఎవరైనా ఇది అడగాల్సిందే. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ కెమెరా పట్టకముందు రూర్కీలో ఇంజనీరింగ్ చదువుకున్నాడు. ఆయన తీసిన భవనాలు చూసినప్పుడల్లా, ఎక్కడ నిలబడాలో ఆయనకు ప్లాన్ చదవడం వల్లే తెలిసిందేమో అనిపిస్తుంది నాకు. మనకు అంత చదువు లేకపోయినా, కాగితం మీద ఉత్తరం గుర్తు ఎటుందో చూసుకుంటే సగం పని తెలిసిపోతుంది.

ఆ గుర్తు దగ్గరే చిక్కు కనిపించింది. ఇల్లు ఉత్తరం ముఖం. రెండంతస్తులు, ముందు గోడ మొత్తం పూత లేని ఇటుక. ఆ గోడలో వరుస విడిచి వరుస ఇటుకలు వేలెడంత బయటికి పొడుచుకొచ్చి ఒక అల్లికలా ఉన్నాయి. మేడం గుండె పెట్టి చేసిన పని అదే. కానీ నవంబరు, డిసెంబరుల్లో సూర్యుడు దక్షిణం వైపు నుంచే పోతాడు. ఉత్తరం గోడ మీద పొద్దుగాల నుంచి పొద్దూకే దాకా నీడే. నీడలో ఆ అల్లిక చప్పగా, గీతలు గీసిన కాగితంలా కనబడుతుంది. మన వరంగల్ అక్షాంశం 18 డిగ్రీలు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా సూర్యుడు తూర్పుకు కొంచెం ఉత్తరంగా పొడుస్తాడు, మేలో మరీ ఉత్తరంగా. అప్పుడు పొద్దు పొడవగానే ఎండ ఆ గోడను ఒరుసుకుంటూ పోతుంది, ఒక్కో ఇటుక నీడ పక్క ఇటుక మీద పడుతుంది. ఫోన్‌లో సూర్యుడి దారి చూపించే యాప్ పెట్టి మేడానికి వీడియో కాల్‌లో ఇదంతా చూపించాను. ఆమె ఒక పోటీకి జనవరిలో ఫొటోలు పంపాలి. అందుకని లోపలి గదులు, సాయంత్రం ఫొటోలు డిసెంబరులో, ముందు గోడ మేలో అని రెండు ముక్కలు చేసుకున్నాం. ఒప్పుకున్నందుకు ఆమెకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను, ఎందుకంటే ఇంకొకరైతే "ఫొటోషాప్‌లో ఎండ వేసేయ్" అనేవాళ్ళు.

కాగితం గురించి. తెలిసిన ఒక లాయర్ అన్న చెప్తే ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ ఫొటో హక్కు తీయించుకున్న వాళ్ళదే. పెళ్ళి ఫొటోల్లో మనకెప్పుడూ పట్టదు కానీ ఇక్కడ డబ్బంతా ఆ లైన్‌లోనే ఉంది. హక్కు నాదని, మేడం తన వెబ్‌సైట్‌కు, పోటీలకు, పత్రికలకు వాడుకోవచ్చని, ఇంటికి సామాను అమ్మిన కంపెనీలు, షాపులు వాడాలంటే నాతో విడిగా మాట్లాడాలని రాశాం. భవనాన్ని ఫొటో తీస్తే ఆర్కిటెక్ట్ కాపీరైట్‌కు భంగం కాదని అదే చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. కానీ లోపలికి రానిచ్చేది ఇంటాయన, లోపల ఉండేది ఆయన కుటుంబం, అందుకే ఆయన సంతకం కూడా తీసుకున్నాను.

లెన్స్ సంగతికి వస్తే, ఈ పనికి టిల్ట్-షిఫ్ట్ లెన్స్ కావాలి. మామూలు లెన్స్‌తో ఎత్తైన గోడను తీయాలంటే కెమెరా పైకెత్తాలి, ఎత్తగానే గోడలు రెండూ పైన దగ్గరికి వాలిపోతాయి. దీనితో కెమెరాను నేలకు సమంగా ఉంచి లెన్స్‌ను మాత్రమే పైకి జరపొచ్చు, గోడలు నిటారుగా నిలుస్తాయి. కొనాలంటే లక్ష దాటుతుంది. అప్పట్లో హైదరాబాద్‌లో రోజుకు 1,500 అద్దె ఉండేది. అదెప్పుడూ పట్టుకోని నేను నవంబరు మూడో వారంలో ఒక రోజుకు తెచ్చుకున్నాను. అప్పుడు అసెంబ్లీ ఎన్నికల తనిఖీలు జోరుగా ఉన్నాయి. వచ్చే దారిలో చెక్‌పోస్టు దగ్గర బ్యాగు విప్పించి, లెన్స్ చేతిలో తిప్పి చూసి, "బిల్లేది?" అన్నారు. అద్దె రసీదు ఫోన్‌లో ఉండటంతో రెండు నిమిషాల్లో వదిలేశారు. అద్దె సామాను తెచ్చేవాళ్ళు కాగితం చేతిలో పెట్టుకోండి, ఎన్నికలప్పుడైతే మరీ.

ప్రాక్టీసు కోటలో చేశాను. అక్కడ ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, కాబట్టి చేతితోనే. కీర్తి తోరణాల దగ్గర బాగానే వచ్చింది, స్తంభాలు నిటారు కదా. ఖుష్ మహల్ దగ్గరికొచ్చాక అసలు పాఠం. ఆ మహల్ గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలేలా కట్టారు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఆటో అని నొక్కితే, సాఫ్ట్‌వేర్ ఆ గోడలను పట్టుకుని నిటారుగా నిలబెట్టేసింది. కట్టినవాడి ఆలోచనే పోయింది. ఆ రోజు నుంచి ఆ బటన్ జోలికి పోలేదు. కెమెరా మీద నీటిబుడగ మట్టం చూసుకుని తీస్తే, వాలిన గోడ వాలినట్టు, నిలిచిన గోడ నిలిచినట్టు వస్తుంది.

షూటింగ్ డిసెంబరు 5, 6 అనుకున్నాం. లెన్స్ 4వ తారీఖు తెచ్చేశాను. మిచౌంగ్ తుఫాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు ఇక్కడ వాన. వాన పడుతోందని అద్దె ఆగదు. వెనక్కి పంపితే మళ్ళీ దొరుకుతుందో లేదో, అందుకే ఉంచేసుకున్నాను. పైగా 9న ఒక పెళ్ళి ఒప్పుకుని ఉన్నాను. కార్తీకం పెళ్ళిళ్ళ సీజన్, ఆ ఒక్క పెళ్ళి ఈ ఇంటి పనికి రెట్టింపు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చివరికి పెళ్ళిని నా పాత అసిస్టెంటుకు అప్పగించి, ఇంటికి 9, 10 ఖాయం చేశాను. మా నాన్న ఏమీ అనలేదు కానీ అన్నం దగ్గర మాట్లాడలేదు.

తుఫాను వెళ్ళాక ఆకాశం కడిగినట్టు వచ్చింది. దుమ్ము లేని ఆకాశం హనుమకొండలో అరుదు. పోయిన అద్దె మీద బాధ అక్కడితో సగం తీరింది.

మొదటి రోజు పొద్దున్నే ఇల్లంతా తిరిగి ప్రతి గదిని ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాను. సామాను జరిపాక తిరిగి ఎక్కడిది అక్కడ పెట్టడానికి ఇదొక్కటే దారి. ఫ్రిజ్ మీది కవర్లు, గోడకున్న క్యాలెండర్లు, చార్జర్లు, చెప్పుల స్టాండు, అన్నీ పక్క గదిలోకి. ఇంటాయన సింగరేణిలో రిటైరైన మనిషి, ఓపిక ఎక్కువ. వాళ్ళమ్మకు ఎనభై దాటాయి. ఆమె మందుల డబ్బా కాసేపు కనబడక అందరం కంగారు పడ్డాం, దుప్పట్ల కింద దొరికింది. అప్పటినుంచి మందులు, తాళాలు, కళ్ళద్దాలు ముట్టుకోవద్దని నా హెల్పర్‌కు గట్టిగా చెప్పాను.

ద్వారబంధానికి బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది, పసుపు కుంకుమ బొట్లతో. మేడం ఫోన్‌లో తీసేయమన్నారు. నేను స్టూల్ తేగానే ఆ పెద్దమ్మ, ఇంటాయన తల్లి, గడప దగ్గరే నిలబడింది. "గా గుమ్మడికాయ తియ్యొద్దు బిడ్డా. కొత్తిల్లు, మంది కండ్లు అన్నీ మంచిగుండయి."

"ఒక్క పది నిమిషాలే పెద్దమ్మా, మళ్ళ కట్టిస్త."

"పది నిమిషాలైనా ఇల్లు ఇల్లే గదా."

తీయలేదు. గుమ్మడికాయ దారం సరిగ్గా తలుపు మధ్య గీత మీదికి వచ్చేలా కెమెరాను జానెడు జరిపాను. మేడం తర్వాత కంప్యూటర్‌లో చెరిపేయమన్నా ఒప్పుకోలేదు. చెత్తబుట్ట, పైపు, ఎవరో వదిలేసిన బకెట్టు చెరిపేస్తాను. ఆ ఇంట్లో ఉండేవాళ్ళు కట్టుకున్నది, ఇంటి ముందు శాశ్వతంగా ఉన్న కరెంటు స్తంభం చెరపను. ఇందులో ఎవరి గీత వాళ్ళది, నాది ఇది. కొన్నాళ్ళకు మేడం కూడా సరేనన్నారు.

లోపల నేనూహించని కష్టం బల్బుల దగ్గర వచ్చింది. హాల్లో పసుపుపచ్చటి వెలుగు, వంటింట్లో తెల్లటిది, రెండింటి మధ్య తలుపు లేదు. కంటికి తెలియదు కానీ కెమెరాలో ఒక గది నారింజ, ఒక గది నీలం. నయీంనగర్‌లో 1,400 పెట్టి అన్నీ ఒకే పసుపు రంగు ఎల్ఈడీలు కొని మార్చాను. పెద్దమ్మకు ఆ పచ్చ వెలుగు నచ్చింది, ఎనకటి దీపాల లెక్కుందని. అవి వాళ్ళకే వదిలేశాను. నేలంతా కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్, అద్దంలా మెరుస్తుంది, కిటికీలన్నీ అందులో తలకిందులుగా కనబడుతున్నాయి. లెన్స్ ముందు పెట్టి మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టరు పూర్తిగా తిప్పితే మెరుపు మొత్తం పోయి నేల చచ్చిపోయినట్టుంది. సగం తిప్పి ఆపితే రాయి రంగు బయటపడి మెరుపూ మిగిలింది.

సాయంత్రం ఫొటో ఎదురింటి డాబా మీద నుంచి. కింద నుంచైతే వైర్లు గోడకు అడ్డం, డాబా ఎక్కితే వైర్లు కిందికి పోతాయి. డ్రోన్ అడిగారు కానీ 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, నాకు లేదు. ఎదురింటాయన ముందు అనుమానపడ్డాడు: "కార్పొరేషన్ నుంచి కొలతలకు వచ్చిన్రా?" ఇంటిపన్ను భయం. ఇంటాయన వచ్చి చెప్పాక మెట్లు చూపించి, టీ కూడా పంపాడు.

నాలుగున్నరకే ట్రైపాడ్ బిగించాను. ఆ తర్వాత దాన్ని వెంట్రుకంత కూడా కదపకూడదు. అప్పుడే కోతుల గుంపు పిట్టగోడ మీదికొచ్చింది. హెల్పర్ కర్ర పట్టుకుని కాపలా. 5:40 ప్రాంతంలో పొద్దు గుంకింది. ఆ తర్వాత ఇరవై నిమిషాలే మనవి. మొదట్లో ఆకాశం ఎక్కువ, ఇంట్లో దీపాలు కనబడవు. చివరికి ఆకాశం నల్లబడి కిటికీలు తెల్లగా మండుతాయి. మధ్యలో కొద్ది నిమిషాలు రెండూ సమానమవుతాయి. సరిగ్గా దానికి ముందు వీధి దీపం వెలిగింది, తెల్లటి ఎల్ఈడీ, ఇటుక గోడ మీద పెద్ద మచ్చలా. అదృష్టం, అప్పటికే నిమిషానికో ఫొటో తీస్తూ వస్తున్నాను. గోడను దీపం వెలగకముందు ఫొటో నుంచి, కిటికీలను తర్వాతి దాని నుంచి కలిపాను. మీరు ఏ వీధిలో తీసినా ముందురోజు సాయంత్రం పోయి దీపం ఎన్నింటికి, ఎక్కడ వెలుగుతుందో చూసుకోండి.

ఎడిటింగ్ రెండు వారాలకు పైనే. సంక్రాంతి ముందే ఫొటోలు పంపాను. పోటీ తేదీ దాటలేదు. మిగతా డబ్బు మాత్రం మార్చి చివర్లో పడింది, రెండు నెలలు దాటాక. వాళ్ళ ఆడిటర్ 10 శాతం టీడీఎస్, అంటే డబ్బిచ్చేటప్పుడే కోసే ఆదాయపు పన్ను, పట్టుకున్నాడు. ముందు చూసి తక్కువ వేశారనుకున్నాను, తర్వాత నా పేరున కట్టిన పన్ను చూపించే 26ఏఎస్ ఫారంలో కనిపించింది, రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. పెళ్ళివాళ్ళు ఎవరూ టీడీఎస్ పట్టరు కాబట్టి ఇది మనకు కొత్త.

ఆ ఎదురుచూపు నెలల్లో మనసు ఊగిసలాడింది. ఫిబ్రవరిలో తోటివాళ్ళు పెళ్ళిళ్ళతో క్షణం తీరిక లేకుండా ఉన్నారు, నేనూ కొన్ని చేశాను, కానీ ధ్యాసంతా ఆ గోడ మీదే. మార్చి 8న, శివరాత్రి రోజున, వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం ఏళ్ళ తర్వాత మళ్ళీ తెరిచారు. జనం తగ్గాక కొన్ని పొద్దుల్లో వెళ్ళి ఆ నల్లరాతి స్తంభాల మీద ఎండ ఎలా పాకుతుందో చూస్తూ కూర్చునేవాణ్ణి. పక్క నుంచి ఎండ తగిలినంతసేపే చెక్కడం కనబడుతుంది. సూర్యుడు కాస్త పైకొస్తే అదే రాయి నున్నగా అయిపోతుంది. ఇటుక గోడకు నాకు ఎంత సమయం దొరుకుతుందో అక్కడే అంచనా కట్టుకున్నాను.

మే 13న లోక్‌సభ పోలింగ్ అయిపోయాక ఆ వారంలోనే పోయాను. ఈసారి లెన్స్ రెండు రోజులకు ఎక్కువ మాట్లాడుకున్నాను, మబ్బు పడితే అని. పడింది కూడా. మొదటి పొద్దున నాలుగున్నరకు వెళ్ళి, ఆరున్నర దాకా బూడిద ఆకాశం చూసి తిరిగొచ్చాను. మర్నాడు పొద్దు 5:40కి పొడిచింది. పక్కింటి నీళ్ళ ట్యాంకు దాటి ఎండ గోడ చివర తాకేసరికి ఇంకో ఇరవై నిమిషాలు. ముందు పై వరుస ఇటుకలు ఎర్రబడ్డాయి, తర్వాత ఒక్కో వరుస కిందికి. పొడుచుకొచ్చిన ప్రతి ఇటుక పక్కన నల్లటి నీడ సాగి, గోడంతా చాప అల్లినట్టు లేచింది. దగ్గరికి పోయి చూస్తే ఇటుకల మీద తయారీలో తీగతో కోసినప్పుడు పడ్డ సన్నటి గీతలు, సున్నపు నీరు కారిన తెల్లటి మరకలు, మేస్త్రీ వేలిముద్ర ఒకటి కూడా కనబడ్డాయి. చేతులు వణికాయి, నిజంగానే. కెమెరాను ముట్టుకోకుండా నొక్కే కేబుల్ రిలీజ్ ఉంది కాబట్టి సరిపోయింది. ఏడున్నర దాటేసరికి ఎండ తెల్లబడి అల్లిక పలచబడింది. పెద్దమ్మ బయటికొచ్చి గోడను అటూ ఇటూ చూసి, "ఇన్నొద్దులు చూడనే లేదు" అంది. గుమ్మడికాయ ఎండి చిన్నదైంది, అలాగే ఉంది.

జూన్‌లో ఒక మాడ్యులర్ కిచెన్ షాపు వంటింటి ఫొటోను ఫ్లెక్సీ కొట్టించి ముందు కట్టిందని స్నేహితుడు పంపాడు. ఇన్‌స్టాగ్రామ్ నుంచి తీసుకున్నారట. వెళ్ళి గొడవపడలేదు. ఒప్పందంలో ఆ లైన్ ఫొటో తీసి, వాడుకకు నా రేటు రాసి వాట్సాప్ చేశాను. మొదట "ఆ కిచెన్ మేమే చేసినం గదా" అన్నారు. కిచెన్ మీదే, ఫొటో నాది అని చెప్పాను. మూడు వారాలకు 6 వేలు వేశారు.

లెక్క చూస్తే అద్దెలు, బల్బులు, హెల్పర్, ప్రయాణాలు కలిపి పదిహేను వేల పైన ఖర్చయింది. వదిలేసిన పెళ్ళి లెక్కలోకి తీసుకుంటే మొదటి ఏడాది మిగిలిందేమీ లేదు. మేడం మాత్రం ఆ మే ఫొటోను తన వెబ్‌సైట్‌లో మొట్టమొదట పెట్టారు. దాన్ని చూసి జనగామలో ఇల్లు కట్టిన ఇంకో ఆర్కిటెక్ట్ ఫోన్ చేశాడు. అది పడమర ముఖం, సాయంత్రం ఎండ నిండుగా దొరుకుతుంది. ఒప్పందం కాగితం పంపి ప్లాన్ అడిగాను. ప్లాన్ వచ్చింది, అడ్వాన్సు ఇంకా రాలేదు.